లోపల మెరిసిన టైరు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అంటారు. ఎక్కువేం కాదు, పనికి సరిపడా ఉంది. బండి నడిపే ఆడదానికి ఆ మాత్రం కూడా లేకపోతే పక్క బండివాడు అద్దం దించి పాఠాలు చెప్పడం మొదలుపెడతాడు.

మాది కార్లు కడిగే షెడ్డు. రోడ్డు వైపు తెరుచుకున్న పొడవాటి రేకుల షెడ్డు, అందులో బండిని పైకెత్తే లిఫ్టు, గోడకి చుట్టి తగిలించిన నీళ్ళ గొట్టాలు, మూలన నురగ కొట్టే డబ్బా, వెనకాల మేముండే ఇల్లు. దీనంతటికీ పెద్ద మా అత్తగారు. వీధిలో డ్రైవర్లు ఆవిడని షాంపూ అత్త అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ పలుకుతుంది కూడా. కడగడం ఆవిడకి పని కాదు, జబ్బు. బండి కడిగాక తలుపు సందులో తెల్లగుడ్డ పెట్టి లాగుతుంది. గుడ్డకి మరక అంటిందా, మళ్ళీ మొదటికే. ఇంట్లో సబ్బు పెట్టుకునే గిన్నెని కూడా సబ్బుతో కడిగే మనిషి.

ఆవిడ కొడుకు, అంటే మా ఆయన, పంపు దగ్గర ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. అమ్మ నీళ్ళు పట్టమంటే పడతాడు, నేను ఆపమంటే ఆపుతాడు, ఇద్దరం ఒకేసారి అరిస్తే టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

నేను మాత్రం కడగను, నడుపుతాను. ఇంట్లో ఉన్న ఒక్క కారూ నా చేతి కిందే ఉంటుంది. ఊళ్ళో కిడ్నీ రోగులకి రక్తం శుద్ధి చేసే డయాలిసిస్ సెంటర్ ఒకటుంది. తోడు వచ్చే మనిషి లేని పేషెంట్లని ఇంటి దగ్గర ఎక్కించుకుని అక్కడికి చేర్చడం, అయ్యాక మళ్ళీ ఇంట్లో దింపడం నా పని. సెంటర్ నుంచి బయటికి వచ్చేసరికి వాళ్ళు పిండేసిన గుడ్డల్లా ఉంటారు. చెయ్యి పట్టుకుని సీట్లో కూచోబెట్టి, బెల్టు పెట్టి, ఇంక మీరు పడుకోండి అంటే చాలు, నిజంగానే నిద్రపోతారు. ముక్కూ మొహం తెలియని మనిషి నా బండిలో అంత నిశ్చింతగా పడుకోవడం చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఆ పని కాకుండా ఇంకో పని చెయ్యమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను.

అలాంటి పని పోయేంతవరకూ వచ్చింది. అదీ ఒక టైరు వల్ల.

ఆ రోజు వాన. గడియారాలాయన్ని తీసుకురావాలి. జీవితమంతా గోడ గడియారాలు బాగుచేసుకుంటూ బతికిన పెద్దాయన, అందుకే ఆయనకి ఆ పేరు. ఖాళీ బండితో వెళ్తున్నాను. రోడ్డంతా నీళ్ళు నిలిచి, ఎక్కడ గొయ్యి ఉందో ఎక్కడ లేదో తెలియడం లేదు. మెల్లగానే పోతున్నాను. అయినా డ్రైవరు వైపు ముందు చక్రం ధడేల్మని దిగింది. టైరు పేలింది, స్టీరింగు ఒక పక్కకి లాగేసింది. ఆపేశాను. బండి ఆగడానికి ఎంత దూరం పడుతుందో అంతే పోయింది, అంతకంటే ఒక్క అడుగు పోనివ్వలేదు. దిగి చూస్తే టైరు పక్కగోడ చీలి ఉంది, రిమ్ము అంచు ఒకచోట లోపలికి మడత పడింది.

సెంటర్‌కి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని పెద్దాయనకి చెప్పమన్నాను. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ దించాను. నట్లన్నీ వచ్చాయి, ఒకటి మాత్రం మొండికేసింది. పానా బిగించి, దాని మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడి తొక్కితే అప్పుడు కదిలింది. ఒళ్ళంతా తడిసి, మోచేతుల దాకా మసితో సెంటర్‌కి చేరాను.

అక్కడ బండ్ల సంగతి చూసే మేడమ్ ఒకావిడ ఉంది. పెద్దాయన చక్రాల కుర్చీ పెట్టడానికి డిక్కీ తెరిచినప్పుడు ఆవిడ ఆ విరిగిన చక్రాన్ని చూసింది.

"గాలి పోయిన టైరు మీదే లాక్కొచ్చినట్టున్నావే," అంది. "గేటు దాకా వచ్చి, మాకు కనపడకుండా చక్రం మార్చుకుని లోపలికొచ్చావు. లేకపోతే రిమ్ము ఇలా ఎందుకు వంగుతుంది?"

"గొయ్యిలో పడితే వంగింది మేడమ్. పడ్డచోటే ఆపి మార్చాను."

"ఖాళీ బండి కాబట్టి ఇవాళ సరిపోయింది. రేపు మా పేషెంటుని కూచోబెట్టుకుని కూడా ఇలాగే చేస్తే? నువ్వు ఇన్సూరెన్సుకి పెడతావుగా. వాళ్ళ మనిషి చూసి, దెబ్బ తగిలి పోయిందని రాసిస్తే ఆ కాగితం పట్టుకుని రా. ఆపకుండా నడిపావని తేలితే మాత్రం ఇటు రావక్కర్లేదు. అప్పటిదాకా వేరే బండి పెట్టుకుంటాం."

నేను అక్కడ పోట్లాడలేదు. పెద్దాయన పక్కనే వణుకుతూ ఉన్నాడు. ఆయన్ని ఇంట్లో దింపి, మా ఇంటికి వచ్చి, అక్కడ అరిచాను.

అరిచాను కానీ భయపడలేదు. ఎందుకు భయపడాలి? మామూలు పాలసీ అయితే చక్రం ఒక్కటే పాడైతే ఏమీ ఇవ్వరు, మిగతా బండికి కూడా దెబ్బ తగలాలి. అది తెలిసే నేను పాలసీ తీసుకున్నప్పుడు టైర్లకీ రిమ్ములకీ విడిగా ఉండే కవరు కూడా కలిపించుకున్నాను. గొయ్యిలో పడి టైరు పగిలినా, రిమ్ము వంగినా అందులో వస్తుంది. అరిగిపోయిన టైరుకి రాదు. గాలి పోయాక కూడా ఆపకుండా నడిపి పాడుచేసుకుంటే అసలు రాదు. నేను ఆపాను. కాబట్టి వస్తుంది, దాంతోపాటు మేడమ్ అడిగిన కాగితమూ వస్తుంది. నా మటుకు నాకు లెక్క అంత సాఫుగా ఉంది.

"నువ్వు ఆపావో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు మా ఆయన, ఆ రోజు భోజనాల దగ్గర.

"టైరు లోపల చూస్తే తెలిసిపోతుందండీ. గాలి లేకుండా నడిపితే పక్కగోడ మడతపడి లోపల్లోపలే రాసుకుంటుంది. టీ పొడిలాగా నల్లటి పొడి రాలుతుంది. చుట్టూ గాడిలాగా అరిగిపోతుంది. రిమ్ము అంచు కూడా చుట్టూ గీసుకుపోతుంది. అది దాచినా దాగదు."

అత్తగారు అన్నం కలుపుతూ అంతా విన్నది. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడ పద్ధతి కాదని నాకు అప్పుడే తట్టాల్సింది.

మర్నాడు చక్రాన్ని టైర్ల షాపులో విప్పించి, టైరు వేరుగా, రిమ్ము వేరుగా తెచ్చి షెడ్డు మూలన పెట్టి పట్టా కప్పాను. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి చూసేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు.

ఆ తరవాతి రోజు పొద్దున్నే సర్వేయరు వచ్చాడు. నడివయసు మనిషి, చొక్కా జేబుకి చిన్న టార్చి తగిలించుకుని ఉన్నాడు. ఏది చూడాలన్నా ముందు దాని మీద టార్చి వేస్తాడు. బండి నంబరు మీద వేశాడు, ఆ రోజు నేను ఫోన్లో తీసిన గొయ్యి ఫొటోల మీద వేశాడు, చివరికి మా ఆయన ఇచ్చిన టీ గ్లాసులోకి కూడా టార్చి వేసి చూసుకుని తాగాడు. మనసులో ఆయనకి టార్చి అనే పేరు పెట్టేసుకున్నాను.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు. చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. నాకు నచ్చాడు.

"సరే, టైరు చూపించు."

"రండి సార్. మీరే చూసుకోండి," అని, కొత్త షాపు బోర్డు మీద ముసుగు తీసినట్టు దర్జాగా పట్టా లాగాను.

టైరు తళతళలాడింది.

అలాంటి మెరుపు షోరూములో కూడా ఉండదు. మట్టి లేదు, తారు లేదు, వాన నీటి మరక లేదు. ఆయన వంగి లోపలికి టార్చి వేశాడు. లోపల ఇంకా మెరుస్తోంది. నిమ్మకాయ షాంపూ వాసన, దాని మీద టైర్లకి పూసే నల్ల పాలిష్ వాసన గుప్పుమంది. పక్కనే రిమ్ము వెండి గిన్నెలా ఉంది. వేలితో అంచు తడిమి చూశాను. చుట్టూ గరుకు కాగితం పెట్టి రుద్దేశారు.

"ఇది కొత్త టైరా అమ్మా?" అన్నాడు టార్చి.

"కాదు సార్."

"ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. లోపల మెరిసే టైరుని చూడటం ఇదే."

నేను వెనక్కి తిరిగాను. మా ఆయన గోడ మీది గొట్టం తీసి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. అది అప్పటికే చక్కగా చుట్టి ఉంది.

"నీళ్ళు మీరే పట్టారు కదూ?" అన్నాను.

"అమ్మ పట్టమంది," అన్నాడు గొట్టం వైపే చూస్తూ.

అత్తగారు చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేనే కడిగాను బాబూ. మాది కడిగే షెడ్డు కదా. మట్టి కొట్టుకుపోయిన వస్తువుని పెద్దమనిషికి ఎలా చూపిస్తాం? మా గుమ్మంలోకి ఏదొచ్చినా ముందు కడిగేస్తాం."

"పైన కడిగితే అర్థముందమ్మా," అన్నాడు టార్చి మర్యాదగానే. "టైరు లోపల ఎవరు కడుగుతారు? కడిగి పాలిష్ ఎవరు పెడతారు?"

ఆవిడ చేతులు మళ్ళీ కొంగుకి తుడుచుకుంది. ఆ జవాబు నా దగ్గర ఉంది. కడగడం ఆవిడకి జబ్బే, కాదనను. కానీ నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నించీ ఆవిడ టైరు లోపల కడగడం చూడలేదు. భోజనాల దగ్గర నేను చెప్పిన నల్లపొడిని వెతుక్కుంటూ వెళ్ళి కడిగింది. చుట్టూ గీసుకుపోతుందని చెప్పిన రిమ్ము అంచుని చూసుకుని మరీ రుద్దింది. అంటే నేను ఆపకుండా నడిపానని ఆవిడ ఖాయం చేసుకుంది. ఇంట్లో మూడు పూటలా ఎదురెదురుగా కూచుని తినే మనిషి, సెంటర్లో మేడమ్ లాగే అనుకుంది. మేడమ్ అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. ఏడుపుని కోపంతో వెనక్కి నెట్టేశాను, అది నాకు అలవాటే.

"అత్తయ్యా, నన్ను ఒక్క మాట అడగొచ్చుగా," అన్నాను.

ఆవిడ వంగి నేల మీది పట్టా మడతపెట్టడం మొదలుపెట్టింది.

టార్చి నిట్టూర్చాడు. "చూసింది చూసినట్టు రాయాలమ్మా నేను. తనిఖీకి ముందే శుభ్రం చేశారు, కారణం తేల్చడం కుదరలేదని రాస్తాను. నీ మీద నింద వెయ్యను. కానీ దెబ్బ తగిలే పోయిందని కూడా రాయలేను."

"కారణం తేలలేదని రాస్తే నా పని పోయినట్టే సార్. సెంటర్లో ఆ కాగితం చూపిస్తే వాళ్ళు నవ్వుతారు."

"బాబూ," అంది అత్తగారు గబుక్కున. "అసలు ఆ క్లెయిమే వద్దని రాసుకో. టైరు మేమే కొనుక్కుంటాం. పిల్లని ఇబ్బంది పెట్టకు."

"అవునే, పోనీలే," అన్నాడు మా ఆయన. "సెంటర్ కాకపోతే ఇంకోటి."

నాకు తల తిరిగిపోయింది. "పోనీలే అంటారేంటండీ? మీకు పోనీలే. రేపట్నించి ఈ వీధిలో ప్రతివాడూ నన్ను చూసి, పేలిన టైరు మీద నడిపిన మనిషి అనుకుంటాడు. మీరిద్దరూ కలిసి నామీద జాలిపడి ఆ ముద్ర వేశారు. క్లెయిమ్ వద్దనడానికి మీరెవరు? పాలసీ నా పేరు మీద ఉంది, చక్రం నా బండిది, ఆపింది నేను."

టార్చి ఫైలు సంచిలో పెట్టుకోబోతున్నాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"సార్, ఒక్కటి చెప్పండి. మీరు టైరుని కడగకూడదు, అంతేనా?"

"నేను ఉన్నది ఉన్నట్టు చూడాలి. ఏదీ తియ్యకూడదు, కలపకూడదు."

"నేను తియ్యొచ్చుగా? ఈ పాలిష్ ఎలా పూస్తారో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా ఊడుతుందో కూడా తెలుసు. మీరు ఫోన్లో వీడియో పెట్టి పట్టుకోండి. మొదట్నించి చివరిదాకా మీ కళ్ళ ముందే తీస్తాను. కింద ఏముంటే అది చూసి రాయండి."

ఆయన ఆలోచించాడు. టార్చిని ఒకసారి వెలిగించి ఆర్పాడు. "కుదురుతుంది. కానీ ముందే చెప్తున్నా. అరిగిన రబ్బరు పాలిష్ తీసినంత మాత్రాన మళ్ళీ పుట్టదు. కింద గాడి కనపడిందంటే, తేలలేదని రాయడానికి కూడా నాకు వీలుండదు. ఆపకుండా నడిపారనే రాస్తాను. ఇప్పుడు వదిలేస్తే సందేహం దగ్గరే ఆగుతుంది. ఆలోచించుకో అమ్మా."

"ఆలోచించడానికేముంది సార్. అక్కడేముందో నాకు తెలుసు. అక్కడేమీ లేదు."

పాలిష్ ఊడగొట్టే డీజిల్ డబ్బా కోసం వంగేసరికి అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చేతులు ఎప్పుడూ నీళ్ళలో నానే చేతులు, చల్లగానే ఉంటాయి. కానీ నా చెయ్యి అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

"వద్దే," అంది నా చెవిలో. "నా మాట విను. ఇంతటితో వదిలెయ్. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, నిన్నేమీ అనకుండా వెళ్ళిపోతాడు."

"చెయ్యి వదలండత్తయ్యా."

వదిలింది.

టైరుని బల్ల మీద నిలబెట్టాను. మెత్తటి బ్రష్షే తీసుకున్నాను, రబ్బరు మీద నా చేత్తో ఇంకో గీత పడకూడదు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో లోపలివైపు మెల్లగా తుడుచుకుంటూ వచ్చాను. పాలిష్ నల్లటి జిడ్డులా కరిగి కారింది. అత్తగారు పూసినంత శ్రద్ధగా ఎవరూ పూయరు, అందుకే తియ్యడానికి అంత సేపు పట్టింది. తరవాత షాంపూ, తరవాత నీళ్ళు. "సన్నగా పట్టండి," అంటే మా ఆయన సన్నగా పట్టాడు. టార్చి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో లైటు పట్టుకుని నాతోపాటే టైరు చుట్టూ తిరిగాడు. రోడ్డు మీద ఎవరో బండి కడిగించుకోవడానికి వచ్చి, మా మొహాలు చూసి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు.

ఆరాక రబ్బరు మెరుపు పోయి, మామూలు బూడిదరంగులోకి వచ్చింది. ఆ మసక రంగు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

గోడ మీద ఆరేసిన తెల్లగుడ్డ తీసుకుని టైరు లోపలి గోడకి ఆనించి చుట్టూ లాగాను. ఎక్కడా పట్టుకోలేదు, జారుకుంటూ పోయింది. చీలిక దగ్గరికి వచ్చాక మాత్రం తెగిన దారాలకి చిక్కుకుని ఆగింది.

టార్చి గుడ్డ తీసేసి తన వేలితో తడిమాడు. తరవాత మొహం దాదాపు టైరులో పెట్టేసి చూశాడు.

"ఇటు చూడమ్మా," అన్నాడు. నాకు కాదు, అత్తగారికి. "ఈ సన్నటి గీతలు కనపడుతున్నాయా? తయారైనప్పుడు లోపల పడే గీతలివి. గాలి లేకుండా కాసేపు నడిపితే ముందు పోయేవి ఇవే. చుట్టూ ఉన్నాయి, చెక్కు చెదరలేదు. ఇక చీలిక చూడు. పక్కగోడకి ఒకటి, దానికి ఎదురుగా అంచు దగ్గర ఇంకోటి. గొయ్యి అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగిపోయింది, అంతే. ఒక్క దెబ్బ. రిమ్ము మడత కూడా సరిగ్గా అక్కడే పడింది."

"అంటే?" అంది అత్తగారు.

"అంటే మీ కోడలు పడ్డచోటే ఆపింది."

ఆయన నిలబడి నడుము సవరించుకుని నా వైపు తిరిగాడు. "దెబ్బ వల్లే అని రాస్తాను. కడిగిన సంగతి, రిమ్ము రుద్దిన సంగతి కూడా రాస్తాను, అవి దాచను. కానీ దానివల్ల నీకేం కాదు, వీడియో ఉంది. సెంటర్లో చూపించుకోడానికి నా సంతకంతో ఒక కాపీ ఇప్పుడే ఇస్తాను." తరవాత అత్తగారితో, "ఇంకోసారి ఇలాంటిది జరిగితే కడక్కండమ్మా. మీరు బాగా కడుగుతారు, అదే వచ్చిన చిక్కు," అన్నాడు.

కాపీ నా చేతికి వచ్చింది. ఆయన బండి మలుపు తిరిగి వెళ్ళింది. మా ఆయన అలవాటు ప్రకారం టీ కోసం వెళ్ళబోతే, ఉండండి అన్నాను. నాకు సాక్షి కావాలి. అత్తగారు నాకు చెప్పాల్సిన మాట ఒకటి బాకీ ఉంది, అది ఆయన కూడా వినాలి.

ఆవిడ బోర్లించిన బకెట్టు మీద కూచుంది. టైరు వైపే చూస్తోంది.

"అయితే నువ్వు నిజంగానే ఆపేశావన్నమాట," అంది.

"మొదట్నించీ అదేగా చెప్తున్నాను."

"ఇన్సూరెన్సు కోసం అలా చెప్తున్నావనుకున్నా. ఎవరడిగినా తడబడకుండా ఒకటే మాట చెప్తున్నావు. ఎంత గట్టిగా నిలబడిందే అని ముచ్చటేసింది."

"ముచ్చటేసిందా?"

"మరి ఆ గడియారాలాయన?" అంది. "నువ్వు చక్రం మార్చుకునే దాకా ఏం చేశాడు?"

"కూచున్నాడు."

"అంతసేపూనా?"

"అంతసేపూ." నా గొంతు మళ్ళీ లేచింది. క్షమాపణ వింటానని నిలబడితే సంజాయిషీ అడుగుతోంది. "ఇప్పుడు అదో తప్పా అత్తయ్యా?"

"తప్పని ఎవరన్నారే." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేనైతే ఆపేదాన్ని కాదు. అంత నీరసంగా ఉన్న మనిషి నా కోసం ఎదురు చూస్తుంటే, రిమ్ము మీదైనా సరే దేక్కుంటూ పోయేదాన్ని. నువ్వూ అలాగే పోయావనుకున్నా. ఆయన కోసం పోయి, ఇప్పుడు ఇరుక్కున్నావనుకున్నా. తప్పు చేశావని కాదే కడిగింది. నా కోడలు నాలాంటిదే అని మురిసిపోతూ కడిగాను."

పొద్దుట్నించీ నమ్మలేదని మండిపోతున్నాను. తీరా చూస్తే ఆవిడ నన్ను మెచ్చుకుంది. ఆ ఇంట్లో నాకు దక్కిన అతి పెద్ద మెప్పు అదే, అదీ నేను చెయ్యని పనికి. ఆ మెప్పుని నేనే డీజిల్ పెట్టి తుడిచేశాను. మళ్ళీ ఏడుపొచ్చింది. దాన్ని ఈసారి కోపంతో నెట్టలేకపోయాను.

"ఆ రోజు ఆయన్ని చూసి నాకూ బాధేసింది అత్తయ్యా," అన్నాను. "మిగతా పేషెంట్లందరూ వెళ్ళిపోయారు. తలుపు దగ్గర కుర్చీలో, బూట్లు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. పట్టుకుంటే చేతులు మంచులా ఉన్నాయి. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది."

"మళ్ళీ టైరు పేలితే?" అంది ఆవిడ.

"మళ్ళీ ఆపుతాను."

"ఆయన అలా కూచుని ఉన్నా?"

"కూచుని ఉన్నా. ఆ కుర్చీలో మీరే కూచుని ఉన్నా ఆపుతాను. వంగిన చక్రం మీద వచ్చి, అదే బండిలో మిమ్మల్ని ఎక్కించుకోమంటారా?"

"నేనైతే నిన్ను నోటికొచ్చినట్టు తిడతాను."

"తిట్టండి. తిట్టడానికి క్షేమంగా ఉంటారు కదా మీరు, నాకు అది చాలు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తలుపు సందులు చూసే చూపే అది, మరక కోసం వెతికే చూపు. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"ఒరేయ్," అంది కొడుకుతో. "ఆ సెంటర్‌కి ఫోన్ కలుపు. వాళ్ళ మేడమ్‌తో నేను మాట్లాడతాను. కాగితం పట్టుకుని మా కోడలు వస్తోందని చెప్తాను. ఎవరు ఎదురు చూస్తున్నా సరే, బండి ఆపాల్సినచోట ఆపే పిల్ల అని చెప్తాను. నాలాంటిది కాదని కూడా చెప్తాను."